గంగవాయిలి కూర కోసం సిద్దిపేట దాకా

మొదట పోయినవి చెబుతాను. ఒక గిన్నెడు పప్పు, ఆఫీసుకు రెండు రోజుల సెలవు, ముగ్గురి కడుపులు, నా మీద మా అమ్మకున్న నమ్మకం. గంగవాయిలి కూర అనుకుని ఇంటి వెనుక ఖాళీ జాగాలో నేను కోసుకొచ్చింది వేరే ఆకు. జ్వరం పడి లేచిన అమ్మకు ఆ కూర తప్ప మరేదీ నోటికి సయించడం లేదు. తనే ఏరుకుందామంటే కళ్లకు పొర కమ్మింది.

"నువ్వు కోసింది నేనైతే ముట్ట, కొడుకా" అంది.

అది ఎనభై ఏడు, తొలకరి పడిన మూడో వారం. ఆకు ఎరిగినవాళ్ల దగ్గరే కోసుకొద్దామని పొద్దున 6:20కి సికింద్రాబాద్‌లో బస్సెక్కాను. టికెట్ పన్నెండు రూపాయలు. తొమ్మిదింటికి సిద్దిపేట. రెండు ఇడ్లీలు తిని ఇబ్రహీంపూర్ వైపు బస్సు పట్టుకుంటే, పదిన్నరకు మక్కచేను గట్టున దిగాను. మా పెద్దమ్మ కూతురు రాజవ్వ అక్క అక్కడ కలుపు తీస్తోంది. అక్కడి కట్టుబాటు ప్రకారం ఎవరి సాలులో, అంటే ఎవరి వరుసలో, మొలిచిన కూరాకు వాళ్లదే. ఆకు తీసుకున్నవాళ్లే ఆ సాలు కలుపూ తీయాలి.

నేను స్కేలు, నోటుబుక్కు తీశాను. రెండు రకాల మొక్కలు, రెండూ నేలను పాకేవే, కాడలు రెండూ ఎర్రనివే. పదేసి ఆకులు కొలిచి సగటు తీస్తే తేడా దాదాపు ఏమీ రాలేదు.

"ఏంది తమ్మీ, దానికి అంగీ కుట్టిస్తవా?" అంది అక్క. పక్క సాళ్ల వాళ్లు కొడవళ్లు ఆపి మరీ నవ్వారు. "గా స్కేలు జేబుల పెట్టు. కాడ ఇరిచి చూడు."

విరిచాను. ఒకదానికి తెల్లటి పాలు కారాయి. రెండోదానికి నీటి తడి మాత్రమే, ఆకు కూడా వేలికి కండగా తగిలింది. పాలొస్తే పారెయ్యమంది అక్క. పాలు రాకున్నా ఎరగని మొక్క జోలికి పోవద్దని, మందు కొట్టిన చేనులో, మురికి కాలువ పక్కన కోయవద్దని, మొదటిసారి కొంచెమే తినాలని కూడా చెప్పింది.

సంచి నిండడానికి ఆరు సాళ్లు పట్టింది. బస్సు వేళకు నేను కలుపు తీసింది ఒకటిన్నర. దానితో పాటు నాలుగు మక్క మొక్కలూ లేచొచ్చాయి.

"నువ్వు ఇంకో సాలు తీస్తే చేనే మిగలది. పో, మిగిలింది నీ పేరు మీదుంటది" అని అక్క పంపేసింది.

తిరుగు బస్సులో నేను కాడ కాడా విరిచి చూస్తుంటే, పక్క సీటు గాజుల వ్యాపారి, ఇంటికాడ మేకలున్నాయా అని అడిగాడు. అమ్మ సంగతి చెప్పాను. అతను సగం కూర తన ఒళ్లోకి లాక్కుని విరవడం మొదలుపెట్టాడు. సికింద్రాబాద్ చేరేలోగా పాలు కారినవి రెండు దొరికాయి. కోసింది నేనే కదా మరి.

ఇంట్లో అమ్మ ముందు నన్ను తినమంది. గంటలో నాలుగుసార్లు నా కడుపు సంగతి కనుక్కుని, అప్పుడు తను తింది. మళ్లీ అడిగి పెట్టించుకుంది.

మీరూ పోదలిస్తే పొద్దుటి బస్సుకే పోండి, ఎండెక్కితే ఆకు వాడుతుంది. రాజవ్వ అక్క దగ్గర మాత్రం నా పేరు ఎత్తకండి. నేను తీయాల్సిన కలుపు ఇప్పటికీ నాలుగున్నర సాళ్లు.