గంగారాం కడిగిన రన్‌వే

నిజ్వాలో ఏడేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మస్కట్ నుంచి సలాలా వెళ్లే బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. అయినా దాన్ని వదిలేసి, ఎదురు దిక్కున రెండు గంటలు ప్రయాణించి మస్కట్ చేరి, అక్కడ విమానమెక్కి సలాలా వెళ్లాను. "ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది నీ ప్రయాణం" అన్నారు మా వారు. నిజమే. కానీ పది గంటల బస్సు ప్రయాణం నా నడుముకు పడదు. ఆయన మాట కంటే నడుము మాటే వింటాను నేను.

సలాలాలో నా స్నేహితురాలు మేరీ సుజాత నర్సు. ఊరు అమలాపురం. క్రిస్మస్ డ్యూటీలన్నీ అయ్యాక నాలుగు రోజులు సెలవు దొరికింది, రమ్మంది. ఈ దారిన వెళ్లాలనుకునే వారికి ఒక మాట: పచ్చటి కొండలూ పొగమంచూ కావాలంటే వానాకాలంలోనే వెళ్లండి. చలికాలంలో కొండలు గోధుమరంగులో ఉంటాయి. సముద్రం మాత్రం చూసినంత సేపూ చూడాలనిపిస్తుంది. రోడ్డు పక్క కొబ్బరిబొండాలు దొరుకుతాయి. వాటికి వంక పెట్టకుండా సుజాత ఒక్కటీ తాగలేదు, అలాగని ఒక్కరోజూ మానలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి తిరుగు విమానం. పన్నెండింటికే సలాలా విమానాశ్రయంలో కూర్చుని సుజాత కట్టిచ్చిన చపాతీలు, రొయ్యల పచ్చడి తిన్నాను. మస్కట్‌లో పొద్దుటి నుంచీ వాన అని ఫోన్లో వార్తలు. ఒమన్‌లో వాన పడితే స్కూలుకు సెలవిస్తారు. ఇప్పటికే సెలవుల్లో ఉన్నప్పుడు పడిన వాన వృథా అని మా టీచర్లందరికీ కొంచెం దిగులు.

నాది కిటికీ పక్క సీటు. పక్కన నలభై అయిదేళ్ల మనిషి వచ్చి కూర్చున్నాడు. కంపెనీ పేరున్న నీలం చొక్కా, బరువైన బూట్లు. నేను ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడటం విని, "మనోళ్లేనా మేడం?" అన్నాడు. పేరు గంగారాం, మెట్‌పల్లి దగ్గరి పల్లె. ఏం పని చేస్తారని అడిగాను.

"రన్‌వే కడుగుతం మేడం."

ఇల్లు కడుగుతాం అన్నంత మామూలుగా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ముగ్గు కూడా పెడతారా అని అడగబోయి ఆగాను. ఆయన వివరంగా చెప్పాడు. విమానం దిగేటప్పుడు చక్రాలు ఒక్కసారిగా తిరిగి వేడెక్కుతాయి, వాటి రబ్బరు కరిగి రన్‌వేకు అంటుకుంటుంది. ఎండల్లో దానితో పెద్ద ఇబ్బంది లేదు. చలికాలం వాన పడితే మాత్రం ఆ నల్లటి రబ్బరు మీద నీళ్లు నిలిచి పాచిబండలా జారుతుంది. అందుకే వానలకు ముందే పెద్ద జోరుతో నీళ్లు కొట్టి గీకాలి. విమానాలు రెండు కొసల నుంచీ దిగుతాయి కాబట్టి రబ్బరు కూడా రెండు కొసల్లోనే ఎక్కువ.

"మస్కట్‌ల ఒక కొస కడిగినం మేడం. రెండోది ఈ వారం ఉండె. గంతల సలాలల పనివడి పంపిండ్రు. వాన నాలుగు దినాలు ముందుగాల్నే వచ్చె."

"మరి ఆ రెండో కొస సంగతి?"

"మిషన్ పెట్టి చూసిండ్రు. పాస్ అన్నది. నా కాలే ఒప్పలే."

కాలేమిటని అడిగాను. రన్‌వే మీద మిషన్ బండి నడిపి చక్రాలకు పట్టు ఉందో లేదో చూస్తారట. అది వెళ్లిపోయాక గంగారాం బూటు విప్పి, తడి నేల మీద మడమతో రాసి తనే ఒకసారి చూసుకుంటాడు. తోటి వాళ్లు నవ్వుతారు. నవ్వినా మానడు. ఇంట్లో పప్పు ఉడికిందో లేదో కుక్కర్ విజిల్ చెప్పాక కూడా మూత తీసి వేలితో నొక్కి చూసేదాన్ని నేను. ఇక ఆయన్ని ఏమనగలను?

మూడింటికి మస్కట్ దగ్గర పడింది. కింద అంతా బూడిదరంగు మబ్బు. రన్‌వే మీద నీళ్లు నిలిచాయని, కింది వాళ్లు చూసి చెప్పేవరకూ పైనే తిరుగుతామని కెప్టెన్ ప్రకటించాడు. ముందు వరుసలో ఒకాయన, "రోడ్డు మీద గుంతయితే పక్క నుంచి పోనియ్యొచ్చు గదా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

గంగారాం వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. విమాన పరిచారిక వచ్చి దిగేటప్పుడు బూట్లు వేసుకునే ఉండాలని ఇంగ్లీషులో చెప్పింది. నేను తెలుగు చేశాను.

"జర ఆగుమను మేడం. కాలుకు తెలుస్తది, బూటుకేం ఎరుక?"

నేను అది ఇంగ్లీషు చేయలేదు. ఆయన ఒక బూటు వేసుకుని, రెండోది వేసుకున్నట్టు కాలు దాచాడు. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇంతకంటే బాగా దాస్తారు. ఆ అమ్మాయి చూసి, నుంచున్న చోటు నుంచి కదలకపోయేసరికి రెండోదీ వేసుకున్నాడు.

విమానం కిందికి దిగుతుంటే ఆయన చేతులు సీటు పిడిని బిగించి పట్టుకున్నాయి. అప్పటిదాకా వేళాకోళంగా ఉన్న నేను బెల్టు మరోసారి లాగి చూసుకున్నాను. "నీళ్లల్ల బండి జారితే బ్రేకు పడుతదా మేడం? చెరువుల ఎడ్లబండి దిగినట్టే. కడిగిన కాడ ఆగితే సరే. ఆగకుంట ఆ కొసకు వోతెనే..." అని ఆపేశాడు. ఆయన లెక్కన దిగేది కడిగిన కొసలో. ఆగవలసిన చోటు దాటితే మిగిలేది ఆయన కాలు ఒప్పని కొస. ఈ విమానంలో ఆ సంగతి తెలిసింది ఆయనకూ నాకూ మాత్రమే. నాకు తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో.

చక్రాలు ధడేలుమని తగిలాయి. నడుము కలుక్కుమంది. "ఇదేం దిగడం" అన్నాను.

"గట్లనే కొట్టాలె మేడం. మెల్లగ దించితే నీళ్ల మీద తేలుతది."

కిటికీ అవతల నీళ్లు రెక్కంత ఎత్తున లేచాయి. ఏమీ కనబడలేదు. గంగారాం కళ్లు మూసుకుని పెదవులతో ఏదో లెక్కపెడుతున్నాడు. విమానం వణికింది, ముందుకు తోసింది, నెమ్మదించింది. చక్రాలు ఇంకా తిరుగుతుండగానే మనవాళ్లంతా బెల్టులు విప్పి, లేచి, పైన అరల్లో సంచులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఎన్ని దేశాలు తిరిగినా ఈ అలవాటు పోదు. కూర్చున్నది మేమిద్దరమే.

"ఏడ ఆగిందో కెప్టెన్ను అడుగుర్రి మేడం. నాకు ఇంగ్లీషు రాదు."

అందరూ దిగాక తలుపు దగ్గర నిలబడ్డ ఒమానీ కెప్టెన్‌ను అడిగాను. బ్రేకులు బాగా పట్టాయని, రన్‌వే సగం కూడా కాకముందే పక్క దారికి తిరిగామని, చివరిదాకా వెళ్లే అవసరమే పడలేదని చెప్పాడు. ఎందుకడిగారన్నాడు. ఈయన కడిగిన రన్‌వే అని చెప్పాను. కెప్టెన్ గంగారాం చెయ్యి పట్టుకుని "షుక్రన్" అని అరబ్బీలో థాంక్స్ చెప్పాడు. ఆ మాటకు తెలుగు అవసరం లేకపోయింది.

"అంటే మేం కడిగిన కాడ్నే ఆగింది" అన్నాడు గంగారాం నాతో, మెట్లు దిగుతూ. టీ తాగి వెళ్దామన్నాను. కంపెనీ వ్యాన్ వచ్చి ఉంది, వాన తగ్గగానే రెండో కొసకు డ్యూటీ అన్నాడు. ఫోన్ నంబరు తీసుకుని వెళ్లిపోయాడు.

వాగులు పొంగి ఆ సాయంత్రం నిజ్వా బస్సు నడవలేదు. మస్కట్ శివారు అల్ హైల్‌లో, మా స్కూల్లో ఇదివరకు పనిచేసిన టీచరింట్లో ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి బస్సు దొరికింది. రెండు రియాళ్లు ఇస్తే కొంత చిల్లర కూడా తిరిగొచ్చింది. సమాయిల్ దాటాక వాగుల్లో ఇంకా ఎర్రనీళ్లు పోతున్నాయి. డ్రైవరు ప్రతి వంతెన దగ్గరా నెమ్మదిస్తుంటే వెనక సీటు వాళ్లు గొణిగారు. నేను గొణగలేదు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ రన్‌వే మీద దిగానో, కింద ఎవరో వంగి పని చేసి ఉంటారని ఒక్కసారీ అనుకోలేదు. దానికి సిగ్గుపడ్డాను.

ఇజ్కి దగ్గర ఫోన్లో గంగారాం గొంతు వచ్చింది. వెనక నీళ్ల మోటారు చప్పుడు.

"మేడం, రెండో కొస గూడ అయిపోయింది. ఇగ మీరు ఏ దిక్కుకెల్లి దిగినా ఏం గాదు."