అమ్మ మాత్రలకు రెండు టైములు

అమ్మకు ఫిట్స్ మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అమ్మ ఉండేది ఆళ్లగడ్డలో అక్క దగ్గర. ఆ మాత్రలు అక్క చేతికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. ఆ మాట అక్క నాకు చెప్పని పండగ లేదు, పబ్బం లేదు.

యెరూషలేము చూడాలని అమ్మకు పెళ్లి కాకముందు నుంచీ ఆశ. ఆళ్లగడ్డలో అమ్మ పోయే చర్చి వాళ్లు యాత్ర పెట్టుకుంటే, టీచరుగా చేసే అక్కకు సెలవు దొరక్క, నంద్యాల నుంచి నేను తోడు బయలుదేరాను. అక్కడ మనకంటే రెండున్నర గంటలు వెనక. నంద్యాలలో డాక్టరును అడిగితే, మొదటి రోజు కొంచెం జరిపి, తర్వాత అక్కడి టైముకే మాత్రలు ఇవ్వమన్నాడు. అదే అక్కకు చెప్పాను.

"డాక్టరుకేం తెలుసు? ఇన్నేండ్లు చూస్తాండేది నేను. మన టైముకే ఇయ్యి" అంది.

"మన టైమంటే ఆడ తెల్లారకముందే లేపాలక్కా. ఆయమ్మను నిద్ర కూడా పోనీవా?"

అమ్మ సంచి సర్దాలంటూ అక్క మాట మార్చింది. హమ్మయ్య, ఒప్పుకుంది అనుకున్నాను.

చేరిన మర్నాటి నుంచి అమ్మకు ఒకటే మత్తు. బస్సెక్కితే నిద్ర, దిగితే కాళ్లు తడబాటు. యొర్దాను నదిలో అందరూ దిగి పాటలు పాడుతుంటే, అమ్మ ఒడ్డున నా భుజం మీద తల వాల్చి కునికింది. ప్రభువు సమాధి ఉన్న తోటకు పోయిన రోజు బస్సులోంచి దించలేకపోయాను. బుగ్గలు తట్టాను, నీళ్లు చల్లాను.

"ఇంత దూరం నిద్రపోనీకి వచ్చినావా?" అని కసిరాను. కళ్లు తెరిచి, నవ్వి, మళ్లీ మూసుకుంది.

పెద్ద వయసు, ప్రయాణం అలుపు అన్నారు పాస్టరుగారు. అందరూ వెళ్లి చూసొచ్చారు. నేను బస్సులో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను.

తిరుగు ప్రయాణానికి సర్దుతుంటే అమ్మ అడిగింది. "మాత్రలు ఇంకో అట్ట ఉందా? నా సంచిలోది అయిపోయె."

"నీ సంచిలో యాడివి?"

"మీయక్క పెట్టింది. నీ పెట్టె పోతే యట్లని."

అప్పుడు బయటపడింది సంగతి. రోజూ తెల్లారకముందే అక్క ఫోన్ మోగేది. బాగోగులకే అనుకుని అమ్మకిచ్చి అటు తిరిగి పడుకునేదాన్ని. సాయంత్రం బస్సులో మళ్లీ మోగితే, అమ్మకిచ్చి కిటికీ వైపు తిరిగేదాన్ని. ఆ రెండుసార్లూ ఫోన్లోనే ఒక్కో మాత్ర మింగించింది మహాతల్లి. ఆ తర్వాత నా టైముకు నేనిచ్చేవి ఎటూ ఉన్నాయి.

"నాకు చెప్పొద్దా అమ్మా?"

"దాని మాట వినకుంటే అది ఏడుస్తాది. నీ మాట వినకుంటే నువ్వు అలుగుతావ్. మాత్రే గదా అని మింగినా."

ఒళ్లు మండి అక్కకు ఫోన్ చేశాను.

"ఫిట్స్ వచ్చిందా? రాల్యా గదా" అంది.

నంద్యాలలో దిగగానే డాక్టరుకు చూపించాం. పెద్ద ప్రమాదమే తప్పిందన్నాడు. నాలుగు రోజులకు మత్తు దిగింది.

ఆదివారం ఆళ్లగడ్డ చర్చిలో, యాత్ర చేసొచ్చిన వాళ్లు సాక్ష్యం చెప్పాలి. అమ్మ లేచి పమిట సర్దుకుంది.

"నేనేం చూడల్యా. సమాధి చూసినోళ్లను అడిగితే ఖాళీగా ఉందన్యారు. ప్రభువు లేచినాడు, నాకది చాలు" అని కూర్చుంది.

చర్చి అంతా హల్లెలూయ అంది. అమ్మకు అటొకరు, ఇటొకరు కూర్చున్న మేమిద్దరం తలెత్తలేదు.