నా కంటే ముందు లేచిన బకెట్

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు చీకటికి జడుసుకుంటే మా అమ్మ పక్కన కూర్చుని పదకొండుసార్లు దేవుడి పేరు చెప్పించేది. పదకొండోసారికి నిద్ర పట్టేసేది. మా ఇంట్లో భయానికి అంతకు మించి చోటు ఉండేది కాదు. కాబట్టి ఇది ఎవరినో భయపెట్టడానికి రాస్తున్నది కాదు.

తెనాలిలో మా ఆడపడుచు కూతురికి ఈ ఏడు కాలేజీ హాస్టల్లో సీటు వచ్చింది. "అత్తా, హాస్టల్ ఎలా ఉంటుంది?" అని అడిగింది. సాంబారు పలచగా ఉంటుందని చెప్పాను. తాళం కొంటే రెండు చెవులున్నది కొనుక్కోమన్నాను. మొదటి వారం ఏడుపొస్తుంది, అది జ్వరం లాంటిది, దానంతట అదే తగ్గుతుందన్నాను. బకెట్ సంగతి మాత్రం చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది రేపల్లె. నాన్నకు చేపల వలలు అమ్మే కొట్టు ఉంది. నాకు పసితనం నుంచీ ఉబ్బసం. బడిలో దుమ్ముకు ఆయాసం వస్తోందని రెండో తరగతిలోనే మాన్పించి, అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. పదీ, ఇంటరూ ఓపెన్ స్కూల్లో రాశాను. చన్నీళ్ళు నాకు పడవు. అమ్మ రోజూ నాలుగింటికే లేచి వేణ్ణీళ్ళు కాచి పెట్టేది. స్నానం, దేవుడికి దణ్ణం, ఆ తర్వాతే నోట్లో ముద్ద. అదే నా బతుకు.

బాపట్లలో డిగ్రీ సీటు వచ్చినప్పుడు నాన్న అసలు ఒప్పుకోలేదు. అమ్మ బతిమాలితే మూడు వారాల గడువు ఇచ్చారు. హాస్టల్లో మూడు వారాలు నిలబడగలిగితే చదువు, లేకపోతే ఇల్లు. ఎలాగైనా నిలబడాలనుకున్నాను.

హాస్టల్లో స్నానాల గదులు పెరట్లో ఉండేవి. అరవై మందికి ఆరు. పెరటి తలుపుకు రాత్రి తాళం వేసి, తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయా కోటమ్మ తీసేది. తాళంచెవి ఆమె నడుముకే ఉండేది. తలుపు తియ్యగానే అమ్మాయిలు తమ బకెట్లు తెచ్చి వరసలో పెట్టి, మళ్ళీ వెళ్ళి పడుకునేవాళ్ళు. బకెట్ ఎన్నోదైతే వంతు కూడా అన్నోదే.

ఆ పద్ధతి నాకు తెలియదు. ఆరింటికి వెళ్ళి, బకెట్ చేత్తో పట్టుకుని నేనే వరసలో నిలబడేదాన్ని. వెనక సీనియర్ ఎవరైనా ఉంటే "ముందు మీరు వెళ్ళండి" అనేదాన్ని. ఇంట్లో నేర్పింది అదే మరి. ఎవరూ వద్దనలేదు. నా వంతు వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటేది, మెస్సులో టిఫిన్ అయిపోయేది. పస్తుతో క్లాసుకు పరిగెత్తేదాన్ని. స్నానం చెయ్యకుండా తినచ్చుగా అన్నారు కొందరు. తినలేకపోయాను.

పన్నెండో రోజు క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయాను. వార్డెన్ మేడమ్ ఇంటికి ఫోన్ చేశారు. సాయంత్రం నాన్న నాతో మాట్లాడారు. "ఇంకొక్కసారి పడ్డావని ఫోన్ వచ్చిందంటే నేనే వచ్చి తీసుకెళ్ళిపోతాను. ఆ తర్వాత మీ అమ్మ చెప్పినా వినను" అన్నారు.

నా గదిలో ఉండే పొన్నూరు అమ్మాయి స్వరూప అప్పుడు అసలు సంగతి చెప్పింది.

"ఇక్కడ మనుషులు నిలబడరు తల్లీ, బకెట్లు నిలబడతాయి. నువ్వు నిలబడితే స్తంభం అనుకుని పక్కనుంచి పోతారు."

మర్నాడు నాలుగున్నరకే పెట్టాలని నీలం బకెట్ మంచం కింద సిద్ధంగా ఉంచుకున్నాను. కానీ ఆయాసానికి వేసుకున్న మాత్ర మత్తుకు ఆరింటికి గానీ మెలకువ రాలేదు. మంచం కింద చూస్తే బకెట్ లేదు. గది తలుపు లోపల గడియ వేసినట్టే ఉంది. స్వరూప ఇంకా నిద్రలోనే ఉంది.

పెరట్లోకి వెళ్ళాను. వరసలో అన్నిటికంటే ముందు నా బకెట్. నిండా నీళ్ళు. చెయ్యి పెట్టి చూస్తే వేడిగా ఉన్నాయి. ఆ హాస్టల్లో వేణ్ణీళ్ళు కాచుకునే వీలే లేదు.

ఆ రోజు ఇడ్లీలు తిని క్లాసుకు వెళ్ళాను. తర్వాత స్వరూపను అడిగాను. "నేను నా బకెట్టే టైముకి పెట్టుకోను, నీది పెడతానా?" అంది. కోటమ్మను అడిగాను. "నేను తాళం తీసేసరికే అవతల ఉందమ్మా అది. ఈ మోకాళ్ళతో నీ బకెట్ నేను మోస్తానా?" అంది.

రెండో రోజు మాత్ర మానేసి, అలారం పెట్టుకుని నాలుగుంబావుకు లేచాను. అప్పటికే బకెట్ లేదు. గడియ నేనే తీసి, పెరటి తలుపు దగ్గర నిలబడ్డాను. కోటమ్మ వచ్చి నా కళ్ళ ముందే తాళం తీసింది. అవతల నీలం బకెట్ ఒక్కటే ఉంది, సన్నగా ఆవిరి వస్తూ. కోటమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది, తాళంచెవి నడుముకు దోపుకుని వెళ్ళిపోయింది.

మూడో రాత్రి జడ రిబ్బను తీసి, బకెట్ పిడిని మంచం కోడుకు కట్టి మూడు ముళ్ళు వేశాను. తెల్లవారి చూస్తే రిబ్బను కోడుకు అలాగే ఉంది. మూడు ముళ్ళూ ఉన్నాయి. బకెట్ మాత్రం పిడితో సహా పెరట్లో ఉంది. ఆ ముళ్ళు విప్పడానికి నేను పళ్ళతో పట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత మళ్ళీ పరీక్షించలేదు. చేసిన మేలును పదేపదే పరీక్షించడం మర్యాద కాదనిపించింది. రోజూ చెంబు ముంచే ముందు ఒక దణ్ణం పెట్టుకునేదాన్ని. మొత్తం తొమ్మిది పొద్దులు అలా జరిగింది. గడువు పూర్తయింది, ఇంటికి వెళ్ళాను.

నన్ను చూసి నాన్న కాస్త తేలికపడ్డారు. భోజనాల దగ్గర నవ్వుతూ అన్నారు:

"నువ్వు పడ్డావని ఫోన్ వచ్చిన మర్నాటి నుంచి మీ అమ్మ మళ్ళీ నాలుగింటికే లేస్తోందమ్మా. ఎవరూ లేని స్నానాలగదిలో వేణ్ణీళ్ళు పెట్టి వస్తోంది. చాదస్తం కాకపోతే ఏంటి?"

"చల్లారాక మొక్కలకి పోస్తున్నాగా, పారబొయ్యట్లేదుగా" అంది అమ్మ. "చెయ్యి ఊరుకోదండి."

ముద్ద కలుపుతూ అమ్మ చేతుల వంక చూశాను. అమ్మకు ఏమీ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు తెనాలిలో రైలు మారుతూ ఒకటే నిశ్చయించుకున్నాను. ఇకనుంచి నేనే లేవాలి. ఎవరు చేస్తున్నారో తెలియదు గానీ, ఎవరైనా ఎన్నాళ్ళు చేస్తారు?

ఆ రాత్రి పడుకునే ముందు మనసులో, "చాలా చేశారు, ఇక నేను చూసుకుంటాను" అనుకున్నాను.

నాలుక్కి పది నిమిషాలుండగా అలారం లేకుండానే మెలకువ వచ్చింది. బకెట్ మంచం కిందే ఉంది. తీసుకెళ్ళి పెరటి తలుపు దగ్గర నిలబడ్డాను. కోటమ్మ తాళం తీస్తూ, "ఏంటమ్మా, ఇవాళ నువ్వే మోసుకొచ్చావు?" అంది. పంపు కింద పెట్టి నింపుకున్నాను. చన్నీళ్ళే. మొదటి చెంబుకు ఊపిరి బిగిసింది. రెండో చెంబుకు వదిలింది. మెస్సులో ఉప్మా పొగలు కక్కుతుండగా తిన్నాను.

తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసింది.

"ఏంటోనే, ఇవాళ మెలకువే రాలేదు. ఏడింటిదాకా ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ ఏడింటిదాకా పడుకోవడం అదే మొదటిసారి.

మూడేళ్ళు అదే హాస్టల్లో ఉండి డిగ్రీ పూర్తి చేశాను. బకెట్ మళ్ళీ ఒక్కరోజు కూడా నా కంటే ముందు లేవలేదు. ఆ తొమ్మిది రోజులూ దాన్ని ఎవరు మోశారో, ఆ నీళ్ళు ఎక్కడ కాగాయో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసిందల్లా ఇవాళ్టికీ మొదటి చెంబుకు ముందు దణ్ణం పెట్టుకోవడమే.

మా ఆడపడుచు కూతురికి మొన్న నీలం బకెట్ కొనిచ్చాను. నాలుగున్నరకు నువ్వే లేచి పెట్టుకోవాలి సుమా అని చెప్పాను. "లేవలేకపోతే?" అంది.

"రాత్రి పడుకునే ముందు మంచం కిందే పెట్టుకో" అన్నాను.