మేక గెలిచిన వెబ్‌సైట్

సముద్రపు ఒడ్డునున్న గింబాల్ ఊళ్లో మెలెసియో సార్ ఎదురుపడితే, ఆ పూట ఏం తిన్నామో చెప్పకుండా తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. శవం వెనక నడుస్తూ కూడా పక్కవాడి చెవిలో, "పొద్దున ఆకుకూర తిన్నావా?" అని అడిగేవారు. బడిలో వ్యాయామం నేర్పేది ఆయనే. ఆయన పొట్ట మాత్రం ఆయనకంటే ఒక అడుగు ముందే వీధి మలుపు తిరిగేది.

పిల్లలు బాగా తినాలని, బాగా గెంతాలని ఆయనే ఒక వెబ్‌సైట్ తయారుచేశారు. పిల్లలు చెప్పిందంతా రోజూ అందులో ఎక్కించేవారు. ఒక్క బొమ్మ లేదు, రంగు లేదు. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు, చావుకబురులా.

"లిజెల్: మునగాకు పులుసు, సగం. మిగతా సగం పిల్లి తాగింది. మేకతో పరుగుపందెం. మేక గెలిచింది."

అది చదివిన లిజెల్ తల్లి జోవితాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంటి సార్, మేక చేత మా పిల్ల పరువు తీయించారు?"

"కొద్ది తేడాతోనే గెలిచిందమ్మా. పిల్ల మెరుగవుతోంది."

"పక్క ఊరి బడి వెబ్‌సైట్‌లో క్యారెట్లు డాన్సు చేస్తాయి, తెలుసా?"

"చెయ్యనీండి. ఇంతకీ మీరేం తిన్నారివాళ?"

జోవితా ఊరుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి తల్లులందరినీ కూడగట్టింది. ఈ బోడి వెబ్‌సైట్ తీసేసి రంగులది పెట్టించాలని బడిలో మీటింగు ఏర్పాటైంది.

మీటింగు ముందురోజు జోవితా మొగుడు రెనాంటె ఫోన్ చేశాడు. అతను సరుకు ఓడలో ఇంజను పనివాడు. ఓడ ఏదో ఒక రేవు చేరితే తప్ప అతని గొంతు వినిపించదు. ఈసారి పలకరింపు కూడా లేకుండా, "లిజెల్ మేకను ఓడించిందా?" అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"సార్ వెబ్‌సైట్! నడిసముద్రంలో నెట్టు నత్తలా పాకుతుందే. బొమ్మలున్నవేవీ తెరుచుకోవు, అదొక్కటే వస్తుంది. ఓడల మీదుండే మాలాంటి నాన్నల కోసమే అలా బోడిగా పెట్టారు. మా వంటవాడు మేక పక్షం. నేనొక్కణ్ణే పిల్ల పక్షం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"సారే వద్దన్నారు. నాన్న చదువుతాడని తెలిస్తే పిల్లలు అన్నీ తిన్నామనే చెబుతారట. మేం చూడాల్సింది ఉన్నదున్నట్టుగా ఉండే పిల్లల్నట."

మర్నాడు మీటింగులో అందరికంటే ముందు జోవితా లేచింది. "రంగులు వద్దు. నా కళ్లకు పడవు."

"ఇంత గొడవ మొదలెట్టింది నువ్వేగా!" తల్లులంతా గోల పెట్టారు.

అందరూ వెళ్లాక ఆమె సార్ బల్ల దగ్గర నిలబడింది.

"సార్, తల్లుల సంగతులు కూడా ఎక్కిస్తారా?"

ఆయన ఎందుకని అడగలేదు. కంప్యూటర్ ముందు సర్దుకుని కూర్చున్నారు. "ఏం తిన్నారివాళ?"

"కొబ్బరిపాలలో గుమ్మడికాయ. ఒక్కదాన్నే తిన్నా."

"వ్యాయామం?"

"సముద్రపు ఒడ్డుదాకా నడిచొచ్చా."

"అక్కడేం పని?"

"ఏం లేదు. ఊరికే."

సార్ ఒంటి వేలితో టకటకా కొడుతూ ఆగి, కళ్లజోడు మీంచి చూశారు. "'ఊరికే' అన్నది కూడా పెట్టనా అమ్మా?"

జోవితా మొహం ఎర్రబడింది. "పెట్టండి," అంది.