పాస్తా పెట్టె మీది అంకెలు

హైదరాబాదులో మా ఆఫీసు వంటగదిలో ఎవరైనా రెడీమేడ్ పాస్తా వేడిచేసుకుంటే, టమాటా పులుపూ, కీమా కొవ్వూ, వామాకును పోలిన ఏదో ఆకు ఘాటూ కలిసిన ఆ వాసన నా బల్ల దాకా వస్తుంది. వెంటనే లేచి వెళ్లి, వాళ్లు పక్కన పడేసిన అట్టపెట్టెను వెనక్కి తిప్పి చూస్తాను. కొవ్వు, ఉప్పు, మాంసకృత్తులు నా కంటికి ఆనవు. పిండిపదార్థం ఎంత, అది వంద గ్రాములకా, పెట్టె మొత్తానికా అన్నదొక్కటే చూస్తాను. చూశాక గాని నా బల్లకు తిరిగి వెళ్లలేను.

నా చిన్నతనమంతా దుబాయ్‌లో, నైఫ్ అనే పేటలోని బజారు వెనక ఓ పాత బిల్డింగులో గడిచింది. నాన్న జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో స్టోర్‌కీపరు, అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరిదీ భీమవరం పక్క. ఎండాకాలం బయట అడుగు పెడితే కళ్లద్దాలకు ఆవిరి పట్టేది, తలమీద ఏసీల నీళ్లు బొట్లుబొట్లుగా పడేవి, అందుకని పిల్లలమంతా వరండాలోనే, కింది బట్టల దుకాణాలవాళ్లు పారేసిన అట్టపెట్టెలతో ఇళ్లు కట్టుకుని, లిఫ్టు గంట మోగినప్పుడల్లా దొంగాపోలీసులమై పరుగెత్తేవాళ్లం. అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి చర్చిలో ప్రార్థనకు ఆ రోజే వెళ్లేవాళ్లం. క్రిస్మస్ ముందు అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చీర కొంగు నడుముకు చుట్టి గులాబీపువ్వులు వేయించేది; నూనె వాసన లిఫ్టులోకి కూడా పాకేది.

మా చెల్లి సుహాసకు ఐదో ఏడు నడుస్తుండగా ఆ సందడిలోకి భయం వచ్చింది. పిల్ల ఉన్నట్టుండి చిక్కిపోయి, కడవలకొద్దీ నీళ్లు తాగుతుంటే పరీక్ష చేయించారు. పిల్లలకొచ్చే రకం చక్కెర జబ్బన్నారు. ఇక అన్నానికి ముందు ఇన్సులిన్ సూది. అందులో ఎంత మందెక్కించాలో తినబోయే దాన్లో ఎంత పిండి ఉందన్న దాన్ని బట్టి. ముద్దపప్పూ అన్నంలో ఎంత? అట్టు పలచగా వేస్తే ఎంత, మందంగా వేస్తే ఎంత? అరిసెలో ఎంతని ఏ డాక్టరు చెప్పగలడు? వార్డులో పదిమంది రోగులను నిబ్బరంగా చూసుకునే అమ్మ, ఇంట్లో గిన్నె ముందు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయేది. ప్రార్థన అయ్యాక ఎవరైనా ముద్దుకొద్దీ చెల్లి చేతిలో మిఠాయి పెడితే, "ఒక్కటేగా అమ్మా" అని వాళ్లు నవ్వుతుంటే, అమ్మ "వద్దండీ" అని ఆ మిఠాయి తీసి వెనక్కి ఇచ్చేసేది.

అలాంటప్పుడు సూపర్‌మార్కెట్ ఫ్రీజరులో ఆ పాస్తా కనబడింది. వెనక అరబ్బీలోనూ ఇంగ్లిషులోనూ అంకెలు: వంద గ్రాములకు పదమూడు గ్రాముల పిండిపదార్థం, పెట్టె మొత్తానికి యాభైరెండు. అమ్మ ఆ అంకెలను బైబిలు వాక్యం చదివినట్టు చదివింది. మనం వండిన అన్నం మీద లేని నమ్మకం ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు వండి గడ్డకట్టించిన తిండి మీద కుదిరింది. అమ్మ డ్యూటీలో ఉండి, నాన్న ఒక్కడే మమ్మల్ని చూసుకునే రోజున చెల్లికి అదే భోజనం.

ఆ ఎండాకాలం ఒక శుక్రవారం మధ్యాహ్నం ఎప్పటి రకం దొరక్క నాన్న వేరే కంపెనీది తెచ్చాడు. అంకెలు చూసి, అమ్మకు ఫోన్ చేసి చెప్పి, ఆవిడ చెప్పినంత మందు ఎక్కించి సూది వేశాడు. చెల్లి రెండు చెంచాలు తిని పళ్లు బిగించేసింది.

"వాసనొత్తంది నాన్నా, నాకొద్దు."

"మా అమ్మ కదూ, ఇంకొక్క చెంచా."

మందు ఒంట్లోకి వెళ్లిపోయింది, తిండి మాత్రం పళ్లెంలోనే ఉంది. తిండి పడకపోతే ఆ మందు ఒంట్లో చక్కెరను ప్రాణం మీదికొచ్చేంత కిందికి దించేస్తుంది. నాన్న బతిమాలాడు, పాట పాడాడు, చివరికి కసిరాడు. పళ్లరసం తాగిస్తే గుక్కెడు తాగి, తిన్నదంతా కక్కేసింది. కాసేపటికి నుదుటిమీద చెమట, పెదాలు పాలిపోయి, మాట ముద్దగా. నేను ఆసుపత్రికి ఫోన్ చేశాను. వార్డులో ఎవరో ఎత్తి అమ్మను పిలవడానికి వెళ్లారు. ఆ కాసేపూ రిసీవరులో వినబడిన చెప్పుల చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది.

అమ్మ ఫోనందుకుని, వార్డులో రోగి గురించి అడిగినట్టే అడిగింది. "పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా?"

"పలుకుతుందమ్మా, కళ్లు మూసేత్తంది."

"పంచదార తడిపి బుగ్గ లోపల రుద్దమను. నిద్రపోనివ్వద్దని చెప్పు. నేను వచ్చేత్తన్నా."

నా ఏడుపు విని ఎదురింటి నిజామాబాదు లక్ష్మి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది బిడ్డా, గింత గాబరా పడుతున్నరు?" చెప్పగానే చక్కెర డబ్బా అందుకుని, నాన్న చెల్లిని పట్టుకుని ఉండగా, తనే వేలు తడిపి చెల్లి బుగ్గలో అద్దసాగింది. "సుహాసా, నా దిక్కు సూడు బిడ్డా, పండుకోకు." అద్దినకొద్దీ చెల్లి నాలుకతో చప్పరించింది. తరవాత చెంచాడు చెంచాడు రసం దిగింది. నాన్న దాని వేలు గుచ్చి చక్కెర మీటరు చూస్తే, అంకె నెమ్మదిగా పైకి రావడం మొదలైంది. "ఆకలేత్తంది" అంది చెల్లి. నాన్న గోడకు తల ఆన్చి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

అమ్మ తెల్ల యూనిఫామ్‌తోనే వచ్చింది. మీటరు తనే మళ్లీ చూసుకుంది. బల్లమీద మిగిలిన చల్లారిన పాస్తాను నిలబడే నాలుగు చెంచాలు తిని, "నిజమే, వాసనొత్తంది" అంది.

ఆ వారమే డాక్టరునడిగితే, మారాం చేసే పిల్లకు తిన్నాక సూది వెయ్యొచ్చన్నారు. ఆ తరవాత అమ్మ ఫ్రీజరు వైపు వెళ్లడం తగ్గించింది. మా అన్నాన్నే తూచి తూచి, తన గరిటకు ఎంత పడుతుందో నేర్చుకుంది. మరుసటి క్రిస్మస్‌కు చెల్లి అరిసె తింది. మేమంతా దాని మొహంలోకి చూస్తూ కూర్చున్నాం.

ఇప్పుడు నైఫ్‌లో మా బిల్డింగు లేదంటున్నారు. పెద్దమ్మ వాళ్లు ఊరికి వెళ్లిపోయాక జాడ తెలియలేదు. వేలు గుచ్చడం పోయి, చెల్లి జబ్బకు బిళ్లంత యంత్రం అంటించుకుంటుంది, చక్కెర ఎంతో ఫోనే చెబుతుంది. మొన్న కలిసినప్పుడు, ఆ శుక్రవారం గుర్తుందా అని అడిగాను. ఆ చెమటా, ఆ ఫోనూ, నాన్న ఏడుపూ, ఏవీ గుర్తులేవట.

"ఒక్కటే గుర్తుంది అక్కా," అని నవ్వింది. "ఎవరో నా నోట్లో పంచదార పెడతానే ఉన్నారు. ఎవ్వరూ వద్దన్లేదు."