తలకోనలో సంచుల కాపలా

మొన్న ఈతకు వెళ్లొచ్చిన నా కూతురి తడి తువ్వాలు వాసన తగలగానే, పదేళ్ల వయసులో తలకోన జలపాతం దగ్గర నాకొచ్చిన కోపం మళ్లీ వచ్చింది.

బంగారుపాళ్యం నుంచి బంధువులమంతా వ్యానులో వెళ్లాం. అన్న చొక్కా విప్పేసి నాయన వెంట నీళ్ల కిందికి పరుగెత్తాడు. నేనూ లేచాను. అమ్మ నా జడ పట్టి లాగింది.

"యాడికి? ఈడే కూర్సో. సంచులు యెవురు సూస్తారు?"

పులిహోర సంచులకున్న విలువ నాకు లేదనుకున్నాను. చల్లటి తుంపర ముఖాన పడుతుంటే ఇంకా మండిపోయాను. ఇంటికి చేరేదాకా అమ్మతో మాట్లాడలేదు.

మొన్న సాయంత్రమే అమ్మకు ఫోన్ చేసి అడిగేశాను.

"తలకోనకు పోయిన పొద్దు నా మింద అంత కోపం యెందుకుమా?"

"నీ మింద కాదు మే. పక్క బండల మింద నలుగురు మొగోళ్లు తాగతా, తడిసిన ఆడోళ్లనే సూస్తా ఉండినారు. నువ్వు సూడలా."

"నాయనకు చెప్పలేదా?"

"చెప్పినా. మనకెందుకు, మీరే పక్కన కూర్సోండి అన్నాడు."

ఇన్నేళ్లూ అమ్మ మీద పెట్టుకున్న కోపం తగ్గలేదు. అది ఆ బండల మీది వాళ్ల వైపుకు, నాయన వైపుకు తిరిగింది. అంత దూరం వెళ్లి అమ్మ కూడా ఆ రోజు తడవలేదని నాకు ఎన్నడూ తోచనందుకు, కొంత నా మీదికీ వచ్చింది.