పడ్ఘా దాటాక పొగమంచు

నా భర్త కుడిచేతికి ప్లాస్టర్ వేసి ఉంది. నాసిక్‌లో మా ఆడబిడ్డకు ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లేలోగా అమ్మను చూడాలని ఫోన్‌లో ఏడ్చింది. అందుకే ఆ చలికాలం తెల్లవారుజామున భివండీ నుంచి కారు నేనే నడపాల్సి వచ్చింది. హైవే మీద అంత దూరం నేనెప్పుడూ నడపలేదు.

ముందురోజే అంజూర్ ఫాటా కూడలిలో మెకానిక్ దగ్గర టైర్లలో గాలి చూపించి, వైపర్ల రబ్బర్లు మార్పించాను. వెనక లైట్లన్నీ వెలిగించి చూస్తుంటే అత్తమ్మ విసుక్కుంది.

"గింత తయారేంది పిల్లా, పోయేది నాసిక్‌కే గదా?"

పడ్ఘా దాటగానే పొగమంచు కమ్మేసింది. పెద్ద లైట్లు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టయింది. వెంటనే కిందికి దించాను. అద్దం లోపలివైపు మసకబారింది. ఏసీ గాలి అద్దానికి తిప్పాను. వెనక సీట్లో అత్తమ్మ చలికి శాలువా బిగించుకుంది.

"జర జల్దీ పోనీ, దాన్ని లోపటికి తీస్కపోతరు," అన్నాడు నా భర్త.

"కనవడ్డంత దూరమే పోత," అన్నాను.

కిటికీ దించి, రోడ్డు అంచున తెల్లగీతను పట్టుకుని నత్తలా పోతున్నాను. ఉన్నట్టుండి అత్తమ్మ అరిచింది.

"ఎవలో ఒర్లుతున్నరు, ఆపు!"

బ్రేకు తొక్కాను. బారెడు దూరంలో, లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ! కేక వేసింది దాని డ్రైవరే. ఆరి వెలిగే నాలుగు దిక్కుల లైట్లు వేశాను కానీ, మా వెనక వచ్చేవాళ్లకు అవైనా కనిపిస్తాయా?

"దిగుండ్రి! రోడ్డు పక్క కమ్మీ అవతలికి పోదాం!" అని అరిచాను.

అత్తమ్మకు మోకాళ్లు వంగవు. నేను పట్టుకుంటే నా భర్త ఒంటిచేత్తో ఆమెను కమ్మీ దాటించాడు. లారీ డ్రైవర్ టార్చి ఊపుతూ వెనక్కి పరుగెత్తాడు. కీచుమన్న శబ్దం. ఒక టెంపో జారుతూ వచ్చి మా కారు వెనకభాగాన్ని గుద్దింది. అత్తమ్మ కూర్చున్న సీటు నిండా గాజుపెంకులు.

టెంపో నడిపే మనిషికి దెబ్బలేమీ తగల్లేదు.

అప్పుడే ఆడబిడ్డ ఫోన్. అత్తమ్మ తీసింది.

"మంచు పడుతున్నది బిడ్డా. మీ వదిన మెల్లగ తీస్కొస్తున్నది. నువ్వు ధైర్యంగ లోపటికి పో."

గొంతు నిలకడగానే ఉంది. ఫోన్ పెట్టేదాకా నా మణికట్టు మాత్రం వదల్లేదు.

మంచు విడిచాక, వెనక అద్దానికి ప్లాస్టిక్ పట్టా కట్టుకుని బయల్దేరాం. మేం చేరేసరికి ఆపరేషన్ అయిపోయి, ఆడబిడ్డను వార్డుకు తెచ్చేశారు. కళ్లు తెరిచి, "అమ్మా, నీళ్లు," అంది.